సుక్కిని వదిలిన పగ్గం

నేను ఒక పగ్గాన్ని. ఎద్దును కట్టే పగ్గాన్ని కాదు, వేటకుక్కను పట్టే పగ్గాన్ని. నా ఒక కొస మనిషి మణికట్టుకు ఉచ్చులా ఉంటుంది. రెండో కొస కుక్క మెడపట్టీకున్న ఇత్తడి రింగులో దూరి, తిరిగి అదే మనిషి గుప్పిట్లోకి వస్తుంది. గుప్పిట విప్పితే చాలు, నేను రింగులోంచి జారిపోతాను, కుక్క దూసుకుపోతుంది. తక్కిన తాళ్లన్నీ పట్టి ఉంచడానికి పుడితే నేను వదలడానికి పుట్టాను. ఇదేం సరుకు అని నవ్వకండి. అడిగేవాడుంటే అన్నీ సరుకే.

తంగేడు చెక్క నీళ్లలో నానిన దున్నపోతు తోలు నా పుట్టిల్లు. ఆదోనిలో హుసేన్‌పీరా అంగడి నా బడి. ఎద్దుల గజ్జెలు, ముకుతాళ్లు, చెర్నాకోలల మధ్య నన్ను చూరుకు వేలాడదీశాడు. హుసేన్‌పీరా ధర చెప్పేముందు కొనేవాడి మొహం చూడడు, చెయ్యి చూస్తాడు. నోటితో సరుకును ఎంత తిట్టినా, వేళ్లు తోలును నిమురుతూ ఉంటే ఆ మనిషి కొనకుండా పోడు. వేలాడుతూ వేలాడుతూ నేనూ ఆ విద్య పట్టాను. మనుషులను మాటలతో తూచడం మానేశాను. చేతులతోనే తూచాను.

నన్ను కొన్నది పత్తి మిల్లు సావుకారి చెన్నబసప్ప. ఆయన చెయ్యి మెత్తన, ఎప్పుడూ చెమట. వేటకుక్కలంటే ఆయనకు పిచ్చి, పరుగంటే ఆయాసం. మనుషుల్లో ఇది మామూలే. తాము చేయలేని పనిని ఏదో ఒక జంతువు చేత చేయించి, మెడలో దండ మాత్రం తాము వేయించుకుంటారు.

ఒకనాడు ఆయన సన్న నడుము, పొడుగు కాళ్ల ఆడ కుక్కపిల్లనొకదాన్ని నాతో కట్టి, పత్తికొండ దగ్గర గొర్రెలు మేపే కురువ కౌలుట్లయ్య చేతికిచ్చాడు.

"మిల్లులో పెరిగితే దీనికి కాళ్లు రావప్పా. నీ మందెంబడి తిరగనీ. ఏడాది పోయినాక పరీక్షకు పెడదాం. గెలిచిందా, నాది. దాని మొదటి ఈతలో నీకొక పిల్ల. ఓడిపోయిందా, నాకెందుకు, నువ్వే పెట్టుకో."

"సరే సావుకారీ," అన్నాడు కౌలుట్లయ్య.

ఆ సీమలో గొర్రెను పాలుకు ఇస్తారు, ఎనుమును, అంటే బర్రెను, పాలుకు ఇస్తారు. ఒకరిది సొత్తు, ఇంకొకరిది పెంపకం. కుక్కను పాలుకు ఇచ్చిన మొదటివాడు చెన్నబసప్పే అయి ఉంటాడు. ఈ బేరంలో ఒక మనిషిని ఎవరూ అడగలేదు. ఆమె కౌలుట్లయ్య భార్య ఉరుకుందమ్మ.

సావుకారి పిల్లకు రాకెట్ అని పేరు పెట్టాడు. ఉరుకుందమ్మ దాని నుదుటి మీద తెల్లమచ్చ చూసి సుక్కి అంది. పిల్ల ఏ పేరుకు తోక ఊపిందో చెప్పనక్కర్లేదు.

సుక్కికి ఒక్కచోట కుదురు లేదు. గాలి మారితే ముక్కు లేస్తుంది, ఆకు కదిలితే ఒళ్లంతా వణుకుతుంది. ఆ వణుకు తోలు వెంబడి నాలోకి పాకేది. దానితో ఉన్నన్నాళ్లూ నాకూ నిలకడ లేకపోయింది. ఒకసారి అది ఆటకని గొర్రెపిల్ల చెవి కొరికింది. ఉరుకుందమ్మ కొట్టలేదు. నాతో దాన్ని తల్లిగొర్రె పక్కనే కట్టేసి, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చోబెట్టింది.

"ఈ వాసన ఉన్నదాన్ని ముట్టగూడదు. తెలిసిందా? కాయాల," అంది దాని మూతి పట్టుకుని.

చెవి కొరికించుకున్న ఆ గొర్రెపిల్ల పేరు బూరి. ఆ తర్వాత అదీ సుక్కీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. వానల్లో జబ్బుచేసి బూరి చచ్చిపోయింది. దాని తోలు ఎండబెట్టి నేను వేలాడే గూటం కింద పరిచారు. సుక్కి పడక అదే అయింది. ఆ వానల్లోనే తోడేలు వచ్చింది. సుక్కి దొడ్డి చుట్టూ తిరిగి మొరిగిన మొరుగుడుకు తోడేలు కంచె దాటలేదు. ఆ తెల్లవారి ఉరుకుందమ్మ తన రొట్టెలో సగం దానికి పెట్టింది.

పరీక్ష దగ్గర పడింది. కౌలుట్లయ్య రోజూ సుక్కిని బీడుకు తీసుకుపోయి గుడ్డమూట లాగి పరుగెత్తించేవాడు. మైకులో తన పేరు చెబుతారని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు.

"గెలిస్తే పిల్లనిస్తాడంట గదా," అన్నాడు భార్యతో.

"పిల్ల వచ్చేలోపల తోడేలు వస్తే?" అంది ఆమె.

"మాటిచ్చినాను మే. మాట తప్పితే మనిషినా?"

ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. మాట నిలబడాలి, కుక్కా నిలబడాలి. ఈ రెండూ ఒకే తక్కెట్లో పెట్టి తూచడం ఎవరి వల్ల అవుతుంది?

ముందురోజు సావుకారి మనిషి వచ్చాడు. కుందేలు వేట నిషేధం కాబట్టి పరీక్షలో కుందేలుకు బదులు తోలుమూట కట్టి, స్కూటరు చక్రంతో తీగ చుట్టి లాగుతారు. పాత మూట చినిగిపోయింది, ఒక తోలు పట్టుకురమ్మన్నాడు.

"కసాయి కాడికి పోయి మేకతోలు తెస్తా," అన్నాడు కౌలుట్లయ్య చెప్పులేసుకుంటూ.

ఉరుకుందమ్మ రొట్టె తట్టుతూ తల ఎత్తలేదు. "కసాయి కాడికి యాల? ఇంట్లో తోలుండగా. గూటం కింద పరిచింది సూడు, అది తీస్కపో."

"అది మేలే," అన్నాడు ఆయన, పని తగ్గినందుకు సంతోషపడి. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి కదా, గొర్రె వాసన ఆయన ముక్కుకు ఎప్పుడో ఆనడం మానేసింది. తనకు ఆననిది కుక్కకూ ఆనదనుకున్నాడు.

వేరుశనగ పీకిన చేను నిండా జనం. మైకు గోల, కుక్కల గోల. న్యాయం చెప్పేవాడు పదవి విరమించిన పశువుల డాక్టరు. రెండేసి కుక్కలను కలిపి వదులుతారు. మూటను పట్టి కొరికిన కుక్క గెలిచినట్టు.

సుక్కికి జోడీగా వచ్చిన నల్లకుక్క యజమాని పళ్లికిలించాడు. "ఏమప్పా, గొర్రెకు పట్టీ కట్టి తెచ్చినావా? కుక్క యాడ?"

"ఉరికినాక సూస్తువు లే, తోక ఏ పక్క ఉండాదో," అన్నాడు కౌలుట్లయ్య. ఆయన చెయ్యి వణుకుతోంది. సావుకారి పక్కకొచ్చి నన్ను ఒకసారి తడిమాడు, ఆ చెయ్యీ వణుకుతోంది. సుక్కి అయితే నిప్పుల మీద నిలబడినట్టుంది. ఇద్దరు మనుషుల కంగారు, ఒక కుక్క ఆత్రం కలిసి నన్ను తెంపుతాయేమో అనిపించింది.

"ఒకసారి నాకియ్యి," అని వెంట వచ్చిన ఉరుకుందమ్మ నన్ను పట్టుకుని, సుక్కి చెవుల మధ్య గోకి, మళ్లీ మొగుడి చేతికిచ్చింది. ఆ పొద్దు నన్ను ముట్టిన చేతుల్లో వణకనిది అదొక్కటే.

మూట కదిలింది. కౌలుట్లయ్య గుప్పిట విప్పాడు. నేను పుట్టిన పని ఒక్క రెప్పపాటులో అయిపోయింది.

సుక్కి పరుగు చూసి చేను చేనంతా లేచింది. నల్లకుక్క దాని దుమ్ము తిన్నది. మూట మీదికి సుక్కి ఎగిరింది. సావుకారి చేతులెత్తి అరిచాడు. అరుపు సగంలో ఆగిపోయింది.

సుక్కి కొరకలేదు. వాసన చూసింది. ఒక్కసారి కుయ్యిమంది. నల్లకుక్క దగ్గరికి రాగానే గిర్రున తిరిగి పళ్లు బయటపెట్టింది. తీగ లాగుతూ ఉంటే మూట పక్కనే నడిచింది, నల్లకుక్కను ఒక్క అడుగు దగ్గరికి రానివ్వకుండా, చివరిదాకా. ఆఖరికి మూట ఆగినచోట దాని మీద తల పెట్టి పడుకుంది.

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మైకులో ఎవరో ఆపుకోలేక నవ్వారు.

"వేటకుక్కనిస్తే గొల్లదాన్ని చేసినావు కదప్పా!" సావుకారి మొహం కందిపోయింది. "నాకొద్దు. ఆ పగ్గం కూడా నువ్వే పెట్టుకో."

కౌలుట్లయ్య దారి పొడుగునా తల ఎత్తలేదు. మైకులో ఆయన పేరు చెప్పారు గానీ, ఆయన కోరుకున్నట్టు కాదు. ఆయన నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను. బూరి తోలును మాత్రం సుక్కి నోట కరుచుకుని, ఎవరికీ ఇవ్వకుండా ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇప్పుడు నేను దొడ్డి తడికకు కట్టుతాడును. వదలడానికి పుట్టినదాన్ని, మూసి ఉంచే పనిలో పడ్డాను. గాలికి తడిక కదిలినప్పుడల్లా ఆ చేనులో గుప్పిట విప్పిన క్షణం గుర్తొచ్చి ఇంకా బిగుసుకుపోతాను. సుక్కి నా కిందనే పడుకుంటుంది, ఒక చెవి మాత్రం ఎప్పుడూ నిలబెట్టి.

మొన్న పొద్దున కౌలుట్లయ్య గొర్రెలను తోలుకుపోతూ ఆగాడు. "అవునే, అదేమో ఎండిపోయిన తోలు. అంత పరుగులో బూరిదని యెట్ల కనిపెట్టిందంటావు?"

"నాకేం తెలుసప్పా," అంది ఉరుకుందమ్మ, నన్ను తడికకు బిగించి ముడివేస్తూ.

హుసేన్‌పీరా ఉంటే ఆ నోటి మాట వినకుండా ఆ చేతిని ఒకసారి చూసి, బేరం లేకుండా నన్ను కొనుగోలు ధరకే ఇచ్చేసేవాడు.