మౌనవ్రతం రోజున నేను మాట్లాడాను

నన్ను చూసి మామూలు సెల్‌ఫోననుకుంటారు. కానీ ఒక సీమంతం విందును కాపాడిన ఘనత నాది. ఆ కథ వినండి.

నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ప్రపంచంలో అందరూ ఒకేలా టైపు చేస్తారన్న నమ్మకంతో నన్ను పెట్టెలో పెట్టి పంపేశారు. నా మొదటి యజమానురాలు, హైదరాబాదులో ఉద్యోగం చేసే లహరి, ఆ నమ్మకాన్ని నిలబెట్టింది. రెండు బొటనవేళ్లతో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగును గడగడా కొట్టేసేది. కొత్త ఫోను కొనుక్కున్నాక నన్ను పాలకొల్లులో ఉన్న తన మేనత్త వేదవతికి ఇచ్చేసింది.

వేదవతిగారికి ఆ టైపు గొడవే పట్టదు. మైకు బొమ్మ నొక్కి, గట్టిగా చెప్పేది. నేను రాసుకునేదాన్ని. ఇద్దరికీ హాయి.

ఆ గురువారం వరకూ.

గర్భిణిగా ఉన్న కూతురికి సుఖంగా పురుడు రావాలని ఆవిడ గురువారాలు మౌనవ్రతం పట్టింది. అది చివరి గురువారం. గుంటూరులో మర్నాడు కూతురి సీమంతం. గోంగూర పచ్చడి ముందురోజే పంపమని వియ్యపురాలు నోరు తెరిచి అడిగింది. భర్త ప్రకాశంగారు సీసాను సంచీలో పెట్టుకుని, పన్నెండు గంటల బస్సులో వేయడానికి స్కూటరెక్కి వెళ్లిపోయారు.

కాసేపటికి వేదవతి వంటింట్లోకి వెళ్లి కొయ్యబారిపోయింది. గోంగూర సీసా అలమరలోనే ఉంది! ఆయన తీసుకెళ్లింది, ఇత్తడి సామాను తోమడానికి సబ్బుపొడి కలిపి నానబెట్టిన చింతపండు. రెండూ ఒకే రంగు, ఒకేలాంటి సీసాలు.

వెంటనే నాతో ఆయనకు ఫోను చేసింది.

"హలో... హలో... మాట్లాడవేంటే? ఓహో, వ్రతం కదూ! మర్చిపోయి ఫోను చేశావా? నయం, నేను గుర్తుచేశాను," అని ఆయన పెట్టేశారు.

వేదవతి నోరు తెరిచింది. మైకు మీద వేలు పెట్టింది. ఒక్క మాట చాలు, విందు దక్కుతుంది. కానీ వ్రతం? కూతురు? నోరు మూసేసింది.

టైపు చేద్దామంటే లహరి వదిలిపోయిన ఇంగ్లీషు అక్షరాలు ఎదురయ్యాయి. ఏవో నొక్కితే తెలుగు అక్షరాలొచ్చాయి. ఆవిడ చిన్నప్పటి వరసలో అ, ఆ అనుకుంటూ వెతికింది. నన్ను తయారుచేసినవాళ్లు ఆ వరసను ఎప్పుడో కలగాపులగం చేసేశారు. గడియారం పన్నెండుకు దగ్గరపడుతోంది. కంగారులో వేలు జారి ఇంకేదో బొమ్మ మీద పడింది. వేలితో రాసుకునే తెల్లటి ఖాళీ పలక తెరుచుకుంది.

ఆవిడ కళ్లు మెరిశాయి. బియ్యంలో వేలితో దిద్దిన చేయి అది! పసుపు అంటిన చూపుడువేలు నా అద్దం మీద గుండ్రంగా తిరిగింది. ఒక్కో అక్షరాన్నీ అచ్చులోకి మార్చి పెట్టాను.

"ఏవండీ, అది గోంగూర కాదు. ఇత్తడి తోమే చింతపండు. పంపకండి."

పంపాను. జవాబు లేదు. పన్నెండు దాటింది. ఆవిడ గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది.

చివరికి స్కూటరు చప్పుడు. ప్రకాశంగారి చేతిలో సీసా!

"కళ్లజోడు ఇక్కడే మర్చిపోయానే. లహరి నేర్పింది కదా, నా ఫోనులో చదివి వినిపించే మీట నొక్కాను. ఏం గొంతే దానిది! బస్టాండంతా విన్నారు. ఆ డ్రైవరు ఏమన్నాడో తెలుసా? 'బాబాయ్‌గారూ, మా ఇంటో నాలుగు చెంబులున్నాయండి, ఆ సీసా ఇలా ఇచ్చేద్దురూ!' అన్నాడు. ఒకటే నవ్వులు!"

అసలు సీసాను సంచీలో పెట్టుకుంటూ ఆయన ఆగారు. "రెండు గంటల బస్సుకు వేస్తాలే. అదలా ఉంచు, ఊరందరికీ వినపడేలా అరిచాక నీ మౌనవ్రతం ఏమైనట్టే?"

వేదవతి తాపీగా నన్ను అందుకుని రాసి, ఆయన ముక్కు ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు వెతుక్కుని చదువుకున్నారు.

"అరిచింది మీ ఫోను. దానికి వ్రతం లేదు."

ఆ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ నాకూ కుంకుమ బొట్టు పెట్టింది, సరిగ్గా కెమెరా కంటి మీద! తర్వాత తుడిచినా అంచున కొంచెం మిగిలిపోయింది. అందుకే నేను తీసిన మనవరాలి మొదటి ఫోటో ఓ పక్క ఎర్రగా వచ్చింది.

ఆ మిగిలిన కుంకుమను ఆవిడ ఇప్పటికీ ఎవరినీ తుడవనివ్వదు.