భుజం మీద నలభై సెకన్లు

అక్క బయల్దేరి అరగంటైనా కాలేదు, తమ్ముడు తన కళ్ళద్దాల దుకాణంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అద్దం అరగదీయబోయి రెండుసార్లు వేలు గీరుకున్నాడు. పెద్ద రోడ్డు మీద ప్రమాదంలో కుడికాలు దెబ్బతిన్నాక, అక్క మూడు చక్రాల సైకిలు మీద ఒంటరిగా బయటికి వెళ్ళడం ఇదే మొదలు. పదింటికి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి పరీక్ష. ఈ పిలుపు కోసం రెండేళ్ళు కాచుకుంది.

"వెనకాల వచ్చావో, కాళ్ళు విరగ్గొడతా. ఎలా ఉంటుందో నాకు తెలుసు కూడా," అని నవ్వి మరీ వెళ్ళింది.

పెద్ద రోడ్డంటే ఆమెకు వణుకు. అందుకే కాలవ పక్క అడ్డదారిన వెళ్ళమన్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాపులో ఆ దారి గీసింది కూడా తనే. సెలవు రోజుల్లో సైకిలు తొక్కుతుంటే, వెళ్ళిన దారిని ఫోను చుక్కలు చుక్కలుగా రికార్డు చేసిన జాడల్ని చూసి, మ్యాపులో లేని దారుల్ని చేర్చడం అతని పిచ్చి. దీనికైతే 'సైకిలుకు అనువు' అని గుర్తు కూడా పెట్టాడు, ఘనుడు.

ఉండబట్టలేక, ఆ దారిన తను వెళ్ళిన నాటి జాడ తెరిచాడు. కాలవ వంతెన దాటగానే చుక్కలు ఒకచోట ముద్దగా ఉన్నాయి. నలభై సెకన్ల పాటు అక్కడక్కడే. అప్పట్లో ఉపగ్రహాల తడబాటనుకుని ఆ ముద్దను వదిలేసి, గీత సాఫీగా లాగేశాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. అక్కడ మెట్లున్నాయి. ఆ రోజు సైకిలును భుజాన వేసుకుని దిగాడు.

వెంటనే ఫోను చేశాడు, ఎత్తలేదు. బండి నడుపుతోందేమో అనుకున్నాడు. గబగబా మ్యాపు దిద్దాడు, కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆమె ఫోనులో ఉన్నది నిన్న దించుకున్న పాత మ్యాపు. దుకాణానికి తాళమైనా వెయ్యకుండా సైకిలెక్కాడు.

అక్క మెట్ల పైనే ఉంది, బండి మీద కూర్చుని.

"ఇప్పుడే వచ్చాలేరా. ముందు ఊపిరి పీల్చుకో."

"తప్పంతా నాదే అక్కా. బండి నేను దించుతా, నిన్ను ఎత్తుకుని..."

"ఇవాళ దించుతావు. రోజూ దించుతావా? పెద్ద రోడ్డు మీదే పోతా. పదకొండు మెట్లు, రాసుకో."

ఆలస్యమవుతుందని అచ్చాఫీసుకు ఫోను చేసి, బండి తిప్పుకుంది. వెంట రావద్దని చేత్తోనే చెప్పింది. ఆమె మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, "సోమవారం నుంచి రమ్మన్నారు. ఒక్క కాగితంలో పద్నాలుగు తప్పులు పట్టా. నీదీ కలిపితే పదిహేను," అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

సాయంత్రం, మెట్లు సరైన చోట గుర్తించాలని ఆమె ఫోనులోని జాడ తెరిచాడు. పొద్దున రికార్డు మొదలుపెట్టి ఆమెకు ఇచ్చింది అతనే. మెట్ల దగ్గర చుక్కల ముద్ద. ఇరవై ఆరు నిమిషాలు. పెద్ద రోడ్డు వైపు కాస్త వెళ్ళి, వెనక్కి. మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వెనక్కి. అతను ఫోను చేసిన వేళకు చుక్క కదలడమే లేదు. 'ఇప్పుడే వచ్చా' అన్న మనిషి, మోగుతున్న ఫోనును చూస్తూ కూర్చుందన్నమాట.

ఈసారి ఉపగ్రహాలను తిట్టుకోవడానికి అతనికి నోరు రాలేదు.

"మెట్లు గీశావా?" పక్కగదిలోంచి అడిగింది అక్క.

"గీస్తున్నా," అన్నాడు.