గోల్‌కొక సీసా

జనగామ స్టేషను వెనక ఫుట్‌బాల్ మైదానంలో గెలిచినవాడికి జరిగే సన్మానం ఎట్లాంటిదో చదివేవారు తెలుసుకోవాలి. భుజాల మీద ఎక్కించుకుంటారు, డప్పు కొడతారు, తిన్నగా సారా దుకాణం ముందు దించుతారు. గోల్‌కొక సీసా. 1976లో వీరస్వామి ఒక్క ఆటలోనే నాలుగు గోల్స్ కొట్టాడు.

ఆట ఉన్న రోజు అతని తల్లి ఈశ్వరమ్మకు ముద్ద దిగేది కాదు. ఎవడో కాలు అడ్డం పెడతాడు, ఎముక విరుగుతుంది, దవాఖానలో కాలే తీసేస్తారు అని ఒకటే భయం. కొడుకు రాగానే మోకాళ్లు తడిమి ఆముదం రాసేది. అంత దగ్గర కూర్చున్న ఆమెకు వాసన రాలేదా? వచ్చింది. కాళ్లు బాగున్నాయి, చాలనుకుంది.

"అత్తా, ఇయ్యాల గూడ తాగొచ్చిండు. జర చెప్పరాదు?" అంది కోడలు వనమాల.

"గెలిచొచ్చిన మొగోన్ని గిట్ల నిలదీస్తరా? పోయి నీళ్లు కాగబెట్టు."

సీసా దాచిపెట్టిందని ఒకనాడు వీరస్వామి వనమాలను కొట్టాడు. బుగ్గ వాచిన వనమాల బిడ్డను చంకనెత్తుకుని ఘనపూర్‌లోని పుట్టింటికి పోయింది. "తాగుడు మానితెనే వస్త" అని కబురు పంపింది.

మూడు నెలలకు హైదరాబాదులోని పెద్ద జట్టు నుంచి, ఆట పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. పరీక్షలో నెగ్గితే ఉద్యోగం కూడా ఇస్తారట. వారం రోజులు వీరస్వామి చుక్క ముట్టలేదు. జట్టుకు బూట్లు కొనిచ్చే బట్టల దుకాణం షావుకారు జగపతి ప్రయాణం ముందురోజు గుంపుతో వచ్చాడు.

"మన ఊరి పేరు నిలబెట్టెటోన్ని ఉత్తగనే తోలుతమా, ఈశ్వరవ్వా?"

ఆనాడు కూడా ఆమె భయమంతా రైలు గురించే. కొడుకు కాలికి పసుపుదారం కట్టి, ఆ రాత్రి వాళ్లతోనే పంపింది.

మరునాడు హైదరాబాదు మైదానంలో, రాత్రి వాళ్లు తాపింది దిగక పది నిమిషాలైనా పరుగెత్తలేక, అందరి ముందూ కక్కుకుని కూలబడ్డాడు వీరస్వామి. రెండోసారి రావద్దన్నారు. ఇంటికొచ్చిన కొడుకు కాళ్లు తడిమింది ఈశ్వరమ్మ. ఒక్క గీత లేదు. అప్పుడు ఏడ్చింది.

వారం తిరక్కుండానే జగపతి మళ్లీ వచ్చాడు, చేతిలో కాగితం చుట్టిన సీసాతో.

"ఐతారం నాడు మ్యాచ్ ఉంది. గిది ముందుగాల్నే."

లోపల మంచం మీద నుంచి వీరస్వామి చెయ్యి చాచాడు. ఈశ్వరమ్మ ఆ సీసా గుంజుకుని కొడుకు కళ్లముందే మురుగు మోరీలో ఒంపేసింది.

"ఏందవ్వా గంత కోపం? వీరస్వామి మనోడే గద!"

"మనోడా? తిన్నవా అని ఒక్కనాడన్న అడిగినవా? బూట్లు కొనిచ్చి, కాళ్లు నీయే అనుకున్నవు. నువ్వు తాపితె ఆడినన్ని దినాలు మనోడు, రేపు మోరీల పడితె ఎవని కొడుకు?"

వాడకట్టు గుమిగూడింది. ఈశ్వరమ్మ గొంతు తగ్గలేదు.

"జగపతిని ఒక్కన్నే అంటలేను. కోడలు మొత్తుకుంటె నోరు మూయించింది నేను. మీరు పోసిన్రు, నేను కడుపుల దాచిన. అందరం గలిసి వాని ఆటను సంపినం."

ఆమె చెంగు నడుముకు దోపి ఘనపూర్ బస్సు కోసం బయలుదేరింది, కోడలి కాళ్లు పట్టుకోవడానికి. గడప దాటుతూ ఒక్కమాట అన్నది:

"గెలిచినోని నోట్ల మందు పొయ్యకుండ్రి, వాని ఇంట్ల ఆడిది ఏడుస్తుంటె, డప్పు ఆపి జర ఇనుండ్రి."