రెండు ముక్కలైన మంగ్లీ ఫ్లెక్సీ

నా నోటిదురుసు సంగతి స్టేషన్ ఘన్‌పూర్ బజారులో అందరికీ తెలుసు. పనిలో మాత్రం నర్సయ్యను వేలెత్తి చూపినవాడు లేడని పదిహేడేళ్లుగా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను. మొన్న శుక్రవారంతో ఆ ముచ్చట తీరిపోయింది.

మాది ఫ్లెక్సీల దుకాణం. ప్రింటు మాత్రం హనుమకొండలో. పది అడుగుల వెడల్పు రోలు మీద ముగ్గురు నలుగురి బొమ్మలు పక్కపక్కనే వేసి, బొమ్మ లోపలికి ఉండేలా చుట్టి, పొద్దుటి బస్సులో పంపిస్తారు. ఆ రోలును మిషన్‌కు ఎక్కించి, బ్లేడ్లు బిగించి, ఎవరి వెడల్పుకు వాళ్లది నిలువునా కోయడం నా పని. ఎక్కడ కోయాలో శాంతి చీటీ రాసిపెడుతుంది. కంప్యూటర్ మీద బొమ్మలు చేసే పిల్ల. చిల్పూర్ నుంచి వస్తుంది, చేరి ఏడాది కూడా కాలేదు.

ఆరోజు చీటీలో ఎడమ నుంచి రెండు అడుగులు మందుల దుకాణం, నాలుగు అడుగులు మంగ్లీ, నాలుగు అడుగులు ట్రాక్టర్ల షోరూం. మంగ్లీ అంటే తండాలో ఉండే జాల్యా భార్య. ఈమధ్యే చనిపోయింది, ఆమె దినాలు ఆరోజే. భోజనాల వేళకు ఫ్లెక్సీ కట్టాలని జాల్యా పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

నేను రోలు ఎక్కిస్తుంటే శాంతి దగ్గరికొచ్చింది. "అన్నా, జర విప్పి చూసి కొయ్యుండ్రి. ఈసారి ఉల్టా చుట్టిన్రేమో."

ఒళ్లు మండింది నాకు. "నిన్నగాక మొన్నొచ్చి నాకు నేర్పుతున్నవా? నీ పని నువ్వు చూస్కో పో!"

ఒక బ్లేడు రెండు అడుగుల దగ్గర, ఇంకోటి ఆరు అడుగుల దగ్గర బిగించి మిషన్ తిప్పేశాను. తీరా ముక్కలు విప్పి చూస్తే ఆ పిల్ల అన్నదే నిజం. రోలు తిరగేసి చుట్టారు. ఎడమ వైపుది కుడికి వచ్చింది. ట్రాక్టరు తెగింది, అది పోనీ అనుకోవచ్చు. మంగ్లీ ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా సరిగ్గా నడిమికి తెగింది. ఒక ముక్కలో ఒక కన్ను, రెండో ముక్కలో ఇంకో కన్ను.

"ఏమైందన్నా?" అంటూ జాల్యా లేచి వచ్చాడు.

తప్పు నాదని అప్పుడే తెలుసు నాకు. ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నా నోరు ఎవరి మాట విన్నది గనక!

"నేనేం జేద్దు జాల్యన్నా? గీ పిల్ల చీటీ తప్పు రాసింది!"

శాంతి తల వంచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు విప్పలేదు. జాల్యా రెండు ముక్కలనూ నేల మీద దగ్గరికి జరిపి కాసేపు చూశాడు.

"మళ్ల తెప్పియ్యరాదు?"

"పొద్దుమీకి బస్సుకు గాని రాదన్నా."

ఆయన శాంతి వైపు తిరిగాడు. "ఏడ్వకు బిడ్డా. కొత్తగ జేసేటోళ్లకు తప్పయితది. పక్కపక్కన కట్టుకుంటం తియ్యి."

పక్కన అంటుకుని ఉన్న ట్రాక్టరు ముక్కనూ, మందుల దుకాణాన్నీ నేను కత్తిరించి తీసేశాక, ముక్కలు చుట్టుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. శాంతి చీటీ తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను రాసింది సరిగ్గనే ఉందన్నా."

"మరి ఆయన ముందటనే చెప్పకపోయినవా?" అని గొణిగాను.

"భార్య పోయిన దుఃఖంల ఉన్నడు. ఆయన ముందట మనం కొట్లాడుకుందుమా?"

తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ల పిల్లకున్న ఇంగితం నాకు లేకపోయింది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక బండి తాళాలు తీసుకుని తండాకు బయల్దేరాను.

టెంటు ముందు రెండు గుంజలకు మంగ్లీని కట్టారు. ఎంత గుంజి కట్టినా నడుమ సందు ఉండనే ఉంది, గాలికి రెండు సగాలూ దేనికది ఊగుతున్నాయి. చుట్టాలు ఎవరో అడిగితే జాల్యా కూతురు అఖిల చెబుతోంది: "దుకాణంల కొత్త పిల్లంట. చీటీ తప్పు రాసిందంట."

నేనాడిన అబద్ధం నాకంటే ముందే తండాకు చేరింది. జాల్యా నన్ను చూసి "రా అన్నా, బువ్వ తిందువు" అని పిలిచాడు. చుట్టాలందరూ వింటుండగానే చెప్పేశాను.

"తప్పు ఆ పిల్లది గాదు జాల్యన్నా. ఆమె విప్పి చూడుమన్నది. నేనే ఇనలే. నాది తప్పు. నీ ముందట అబద్ధమాడిన."

జాల్యా ఫ్లెక్సీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"గీ మాట ఆ బిడ్డకు చెప్పినవా?"

"లే... ఇంకా చెప్పలే."

"మరి గీడేం జేస్తున్నవ్?" అన్నాడు జాల్యా.