ఐలయ్య నాటిన గడ్డి

యాకమ్మ కలుపు తీసిన పత్తిచేనులో గడ్డిపోచ కోసం మేకలు కళ్లద్దాలు పెట్టుకొని వెతికేవని రఘునాథపల్లిలో చెప్పుకుంటారు. భర్త ఐలయ్య చనిపోయిన నెలకు తొలివానలు పడ్డాయి. అలవాటుపడ్డ ఆమె చేతులు వాకిట్లోని గడ్డినంతా పీకి పారేశాయి.

మనవరాలు స్రవంతి చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అవ్వా, అది కలుపు గాదు! తాత హన్మకొండ నర్సరీల ఏరి తెచ్చిన, అందానికి పెంచే షో గడ్డి. నీళ్లు నిలిస్తే కుళ్లుతదని ఇసుక కలిపి, దిబ్బ పోసి నాటిండు. ఎర్ర కుచ్చులేసినంక నీకు చూపెడదామని చెప్పలే."

"ఊరందరికి లేని కతలు చెప్పేటోడు, నాకు ఉన్నమాట ఒక్కటి చెప్పకపాయె ముసలోడు!" అంటూ యాకమ్మ మట్టిలో వేళ్లు పెట్టి, మళ్లీ మొలిచే వేర్లేమైనా మిగిలాయేమోనని వెతికింది.

శ్రావణానికి వాకిలంతా మోకాలెత్తు గడ్డి లేచింది. కుచ్చు ఒక్కటీ రాలేదు. ఇరుగుపొరుగు నవ్వినా, ఏ పోచ ఐలయ్యదో తెలియక యాకమ్మ ఒక్కదాన్నీ పీకలేదు.