చింగం ఒకటో తేదీ స్టీరింగు

మలయాళీలకు అచ్చిరాని కర్కాటక మాసంలో కొత్త బండి చక్రం కదలకూడదని వత్సల అత్తగారు మాధవియమ్మ తెగేసి చెప్పింది. కారేమో రేపు ఆ నెల మొదలవుతుందనగా ఇంటికి వచ్చింది. షాపు మనిషే కొండ ఎక్కించి, ముఖం రోడ్డువైపు ఉండేలా రేకుల కింద నిలిపి, తాళాలు వత్సల చేతిలో పెట్టి వెళ్లాడు. ఇంజన్ కూడా వేయడానికి వీల్లేదంది అత్తగారు. ఆ పై నెల చింగం ఒకటిన, మలయాళ సంవత్సరాది నాడు, పొద్దున ఎనిమిదింటికి గుళ్లో పూజ. అందాకా చూసుకుని మురిసిపోవలసిందే. ముప్పై ఒక్క రోజులూ వత్సల ఆ కారును తుడిచిందే తుడిచింది.

ఆమె ఆరాటానికి కారణం ఉంది. అంగన్‌వాడీ టీచరుగా ఇరవై రెండేళ్లు అరిగిపోయిన మనిషి. ఆరేళ్ల కిందట స్కూటర్ కొనుక్కుంటే, అలవాటున్న చెయ్యి ముందు పడాలంటూ బావగారు భార్గవన్ దాన్ని గుడికి తోలుకెళ్లాడు. పూజకు పేరు, నక్షత్రం చెప్పాలి కదా, తనవే చెప్పాడు. భార్గవన్, మూల. ఆ రోజు నుంచి ఊళ్లో అది భార్గవన్ బండి. వత్సల బస్సులోనే పనికి వెళ్లింది. యాభై ఒకటో ఏట, వాలు మీద బండి ఆపి మళ్లీ కదిలించే పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారికి కారు లైసెన్సు తెచ్చుకుంటే, ఆ కాగితానికి ఫ్రేము కట్టించుకోమని పదిమందిలో అన్నాడా పెద్దమనిషి. ఈసారి మొదటి చెయ్యి తనదే కావాలి. కాకపోతే ఈ కారు కూడా తనది కాదని ఆమెకు తెలుసు.

చింగం ఒకటిన చక్కగా ఎండ కాసింది. ఏడుంపావుకి వత్సల జరీ అంచు తెల్లచీర కట్టుకుని, అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పింది. స్టీరింగు ముందు దీపాలు గుడ్డిగా వెలిగాయి. టిక్కుమంది, అంతే. మళ్లీ తిప్పింది. మళ్లీ అదే టిక్కు.

మల్లెపువ్వులాంటి పంచెతో భార్గవన్ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. బ్యాటరీ చచ్చిందని తేల్చాడు, షాపువాడు టోపీ పెట్టాడన్నాడు, తన జీపుకి తాడు కట్టి లాగుదామన్నాడు. "జీపు సుధాకరన్ తోలతాడు. ఇక్కడ స్టీరింగు నేను పట్టుకుంటా. నువ్వు అమ్మతో వెనక కూర్చో."

వత్సల మొగుడు సుధాకరన్ జీపు తాళాల కోసం చెయ్యి చాచాడు. అన్న మాట ఆయన ఏనాడు కాదన్నాడు కనక!

అప్పుడు మాధవియమ్మ సీట్లో ఇబ్బందిగా కదిలింది. చివరి పది రోజులూ సాయంత్రమయ్యేసరికి కరెంటు పోతుంటే, కర్కాటకంలో రామాయణ పారాయణం వినకుండా ఉండలేక, మేకుకున్న తాళం తీసుకుని కారులో కూర్చుని రేడియో పెట్టుకుందట. రేకుల మీద వాన చప్పుడులో వంటింట్లో ఉన్న కోడలికి వినపడనే లేదు. "చక్రం కదల్లేదే వత్సలా, ఇంజనూ వేయలేదు. నియమం తప్పలేదు కదా," అంది చిన్నగా.

వత్సలకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ నవ్వుతోనే ధైర్యమూ వచ్చింది. దీపాలు వెలిగాయంటే బ్యాటరీలో ఇంకా కాస్త ప్రాణం ఉంది. డ్రైవింగ్ నేర్పిన రజియా టీచర్ చెప్పింది గుర్తుంది. తాళం తిప్పి ఉంచి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టాలి. వేగం అందుకోగానే వదలాలి. ఎదురుగా ఆమెను రెండుసార్లు ఓడించినటువంటి వాలే ఉంది.

"తాడు వద్దు బావగారూ. వెనక నుంచి తోయండి చాలు."

"చివర మలుపుంది, గోడుంది. నీ వల్ల కాదు. అమ్మా, నువ్వు దిగు."

"నేను దిగను," అంది మాధవియమ్మ. "పట్టుకుంటా పట్టుకుంటా అన్నావుగా, వెనక డిక్కీ పట్టుకో. తొయ్యి."

అన్నదమ్ములిద్దరూ తోశారు. కారు వాలులోకి జారింది. వత్సల క్లచ్ వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి మూగబోయింది. తొందరపడ్డానని తనను తానే తిట్టుకుంది. మళ్లీ తొక్కింది. సగం వాలు అయిపోయింది, గోడ దగ్గరపడుతోంది, బిగుసుకున్న స్టీరింగు మొండికేస్తోంది. అత్తగారు కళ్లు మూసుకుంది. ఇంకా కాదు, ఇంకా కాదు అనుకుంటూ వత్సల పళ్లబిగువున ఆగి, ఆగి, వదిలింది.

ఇంజన్ అందుకుంది. చేతుల్లో స్టీరింగు తేలికైంది. మలుపు తిరిగేసరికి ఆమెకు గొంతెత్తి కేక పెట్టాలనిపించింది, పెట్టింది కూడా. అద్దంలో భార్గవన్ మోకాళ్లదాకా ఎర్రబురద పంచెతో చిన్నవాడైపోతూ కనిపించాడు. ఆమె ఆగలేదు.

గుడి ముందు పూజారి పూలూ నిమ్మకాయలూ తెచ్చి, ఇంజన్ ఆపమన్నాడు.

"ఆపను తిరుమేనీ. ఆపితే మా బావగారు మళ్లీ తొయ్యాలి."

వెనకే జీపులో దిగిన భార్గవన్ ఆ మాట విన్నాడు. పూజారి నవ్వాపుకుని, పేరు, నక్షత్రం చెప్పమన్నాడు. అలవాటుకొద్దీ భార్గవన్ నోరు తెరిచాడు.

"వత్సల, విశాఖ," అంది ముందు సీట్లోంచి మాధవియమ్మ. ముప్పై ఏళ్లలో తన నక్షత్రం అత్తగారి నోట వినడం వత్సలకు అదే మొదలు. ఇంజన్ చప్పుడుకు వినపడలేదేమోనని పెద్దావిడ గొంతు పెంచి మళ్లీ చెప్పింది. "వత్సల, విశాఖ నక్షత్రం. బండి ఆవిడది."