నాయనమ్మకు వినపడని గంట

సమాధికి సున్నం వెయ్యాలి. బల్ల మీద తెల్లగుడ్డ మార్చాలి. ద్రాక్షరసం గిన్నెలు కడిగి బోర్లించాలి. ఆరబోసిన మిరపకాయలు ఎత్తాలి. కెజియాకు జడ వెయ్యాలి. ఇవన్నీ ప్రకాశం పెదనాన్న చెప్పుల చప్పుడు వినపడకముందే అయిపోవాలి. అవకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, నేనూ అడగను, అడిగితే ఆయనకు వినపడుతుంది.

నేను మా చర్చిలోనే ఉన్నాను గాని చర్చిలో చాపలు లేవు, మగవాళ్ల వైపూ ఆడవాళ్ల వైపూ తేడా లేకుండా నేలంతా మిరపకాయలు పరిచి ఉన్నాయి, ప్రసంగ వేదిక దాకా ఎర్రగా, అడుగు వేస్తే గలగలమనేట్టుగా. ఘాటు గొంతులో పడుతోంది, దగ్గు వస్తోంది, దగ్గకూడదు. ఆ చివర పాస్టరుగారు అంగీ మార్చుకునే చిన్న గది తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను అటు చూడను. నా ఐదో తరగతి సెలవుల్లో, సండేస్కూలు అయ్యాక, పాటల పుస్తకాలు సర్దుదువుగాని రమ్మని ప్రకాశం పెదనాన్న నన్ను పిలిచింది ఆ గదిలోకే. పిల్లలందరూ పెదనాన్న అని పిలిచే సంఘపెద్ద ఆయన. ప్రభువు బల్ల రోజున, అంటే రొట్టే ద్రాక్షరసం పంచే ఆరాధన రోజున, గిన్నె పట్టుకుని వరుసల మధ్య నడిచేది ఆయనే. ఆ గదిలో జరిగినదాన్ని నేను ఇక్కడ రాయను. రాయకపోయినా అది ఆ తలుపు వెనక అలాగే ఉంది.

మెట్ల మీద మా నాయనమ్మ దీనమ్మ కూర్చుని బిందెలో గిన్నెలు ముంచి కడుగుతోంది. తెల్లచీర, చేతిలో కొబ్బరిపీచు. నాయనమ్మ చనిపోయిందని నాకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో తెలియదు, అందుకని మాట జాగ్రత్తగా వాడాలి.

"ఏమే హెప్సీ, అట్టా నిలబడ్డావేందే? డిగ్రీ చదివినంత మాత్రాన గిన్నెలు అయ్యే కడుక్కుంటయ్యా?"

"కడుగుతాను నాయనమ్మా. ముందు ఆ తలుపు మూసొస్తాను."

"ఈడ తలుపులెక్కడున్నయ్యే?"

చూస్తే నిజంగానే లేవు. మేము పాత బస్సులో ఉన్నాం, చర్చి కిటికీలే బస్సు కిటికీలు, అవతల సమాధుల దొడ్డి వెనక్కి పరిగెడుతోంది, కండక్టరు లాగే తాడు నెత్తి మీద వేలాడుతోంది, ఆ తాడు పైకి, ఇంకా పైకి పోయి చర్చి గంటకు కట్టి ఉంది. నాయనమ్మ సీటు మీద గొంతుక్కూచుని గిన్నెలు కడుగుతూనే ఉంది. ఆమె బతికినన్నాళ్లూ ఇలా బస్సుల్లో, కాలినడకన ఊళ్లు తిరిగిన మనిషి. బైబిలు స్త్రీ అనేవారు. ఇంటింటి గడపలో కూర్చుని, అక్షరాలు కూడబలుక్కుంటూ ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను, నా చేత తొక్కించింది ఆమె.

"ఇది ఎక్కడికి పోతుంది నాయనమ్మా?"

"నీకు తెలవదా? సాయంత్రం నువ్వు పోవాల్సిన కాడికే."

సాయంత్రం నేను చర్చికే పోవాలి, కలలోనూ మర్చిపోలేదు. మా సంఘంలో కెజియా అనే చిన్నపిల్ల, వాళ్లమ్మ సువర్ణతో ఒక మాట చెప్పింది, అదే గది, అదే మనిషి, అవే పాటల పుస్తకాలు. సువర్ణ ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది, టీచర్ను గనక. ఇద్దరం పోయి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం. ఇప్పుడు పెద్దలు కబురు పెట్టారు: రేపు ఈస్టరు, బల్ల ఉంది, బల్లకు ముందు పగలన్నీ విడిచిపెట్టాలి, పిల్లను తీసుకురండి, పెదనాన్నకు వందనాలు చెప్పించండి, ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు, అంతటితో రాజీకొచ్చి సమాధానపడండి. సమాధానపడనివాళ్లకు బల్ల లేదు. బల్ల లేనివాళ్ల శవానికి చర్చి గంట లేదు. పిల్ల రాదు, నేను వచ్చి మాట్లాడతానని చెప్పి పంపాను.

చెప్పి పంపాను గాని, నాకు నా చేతుల మీద నమ్మకం లేదు. నా చేత కూడా ఆ వయసులో ఇదే రాజీ చేయించారు. నాయనమ్మే నా మణికట్టు పట్టుకుని వరుసల మధ్య ఈడ్చుకెళ్లింది. "వందనాలు పెదనాన్నా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు, అందరూ కళ్లు తుడుచుకుని ఆమెన్ అన్నారు. అప్పటినుంచి ఆయన సంతలో కనపడ్డా, రోడ్డు మీద కనపడ్డా, నన్ను అడగకుండానే నా చేతులు లేచి కలుసుకుంటాయి. ఇవాళ పెద్దలందరి ముందు కలుసుకున్నాయంటే చాలు, "చూడండి, ఈ అమ్మాయే సమాధానపడింది, బాగానే ఉంది, ఆ పిల్లకేం" అంటారు.

"నాయనమ్మా, అప్పుడు నువ్వు నా మాట నమ్మలేదా?"

ఆమె ఒక గిన్నె తీసి వెలుగుకు పట్టి చూస్తుంది. గిన్నె లోపల ఎర్రటి మరక. పీచు పెట్టి తోముతుంది, మరక పోదు.

"నమ్మకపోతే భయమెందుకేసుద్దే? నమ్మినా. అది సరేగాని, నా చావుకి గంట కొట్టారటే?"

అంటే తెలుసన్నమాట. నాకు ఏడుపు వస్తుంది, కాని మిరప ఘాటుకు కళ్లు ముందే కారుతున్నాయి, ఏది ఏడుపో తెలియడం లేదు.

"కొట్టారు నాయనమ్మా."

"ఎవురు కొట్టారు?"

"ప్రకాశం పెదనాన్న."

ఆమె చేతిలో గిన్నె ఆగిపోతుంది. బస్సూ ఆగిపోతుంది. మేము సమాధుల మధ్య ఉన్నాం, ఆమె సమాధికి నేనింకా సున్నం వెయ్యలేదు, అది తడిమట్టిలా చీకటిగా ఉంది, నడినెత్తిన ఎండ ఉన్నా దాని మీద ఎండ పడడం లేదు.

"నాకు ఇనపళ్లేదే" అంటుంది నాయనమ్మ. "పెట్టెలో చెవులొగ్గి పడుకున్నా. చిన్నపిల్లని ఈడ్చుకుపోయి, చేతులు జోడిచ్చి సంపాయిచ్చుకున్న గంట గదా, ఒక్క దెబ్బన్నా ఇనపడాల గదా. పైన మట్టి పోసిందాకా చూశా. ఇనపళ్లా."

"నువ్వు నన్ను క్షమించమన్నావు నాయనమ్మా."

"కాదే. నేను నోరు మూసుకోమన్నా. దానికి ప్రభువు పేరు తొడిగా. ఊరూరా తిరిగి ఆయన మాటలు చెప్పిన నోరు, నా సొంత మనవరాలి కాడ ఆయన అనని మాట అనింది."

నేను ఏదో చెప్పాలి, పరవాలేదని చెప్పాలా, చెప్పకూడదా, నర్సు శుభవార్తమ్మగారు, మనసులో మాట చెప్పుకునే మా ప్రార్థన కూటంలో, ఎప్పుడూ అంటారు, క్షమాపణ ఒకరు నీ నోట్లో పెట్టేది కాదు, అది నీలో మొలిచినప్పుడు మొలుస్తుంది, మొలవకపోయినా ప్రభువు నిన్ను వదిలిపోడు అని. ఆ మాట నాయనమ్మకు చెప్పాలని నోరు తెరుస్తాను, అప్పుడే వినపడుతుంది.

కిర్రు. కిర్రు.

తోలు చెప్పులు. మిరపకాయల మీద. సమాధుల మధ్య మిరపకాయలు ఎప్పుడు వచ్చాయో తెలియదు. చప్పుడు నా వెనకనుంచి వస్తోంది, తొందర లేదు దానికి, ఎప్పుడూ లేదు.

"ఎవరమ్మా అక్కడ? మన హెప్సీయేనా? ఎంత ఎదిగావమ్మా. పెదనాన్నకు వందనాలు చెప్పవా?"

మెత్తటి గొంతు. పాట నేర్పే గొంతు. నా చేతులు లేస్తాయి. వద్దు అంటాను, లేస్తాయి. అరచేతులు రెండూ అంటుకుంటాయి, లాగితే రావు, వేలికి వేలు కరుచుకుపోయింది, చర్మానికి చర్మం అతుక్కుపోయింది, ఇవి నా చేతులు కావు, ఎవరో పోతపోసిన చేతులు. నాలుక మీదికి ఆ మాట వచ్చేస్తోంది. వం అనే అక్షరం పెదవుల దగ్గర ఉంది. పళ్లు బిగబట్టాను.

నాయనమ్మ లేచింది. చాలా పొట్టిగా ఉంది, నా భుజం దాకా లేదు, నేను ఐదో తరగతిలో ఉన్నంత ఉంది. తల పైకెత్తి నన్ను చూస్తూ అడుగుతుంది:

"చెయ్యి పట్టుకోనా?"

బతికుండగా ఆమె ఎన్నడూ అడగలేదు. ఇది మా కూటంలో పద్ధతి. ప్రార్థనలో తల మీద చెయ్యి పెట్టాలన్నా, భుజం తాకాలన్నా, ముందు అడుగుతాం.

"నీకెట్లా తెలుసు?"

"ప్రతి మంగళారం మీ కూటంలో ఎనకాల కూసుంటన్నాగా. నా మీద ఎన్ని మాటలన్నావే తల్లీ! ఒక్కటీ అబద్ధం లేదు, ఏం చేసేది. పట్టుకోనా?"

"ఊఁ" అంటాను.

ఆమె నా చేతుల్ని విడదియ్యదు, లాగదు. కడిగిన గిన్నె తీసుకుని, అతుక్కున్న నా అరచేతుల సందున మెల్లగా, చంటిబిడ్డ నోట్లో పాలు పోసినంత నెమ్మదిగా దూరుస్తుంది. తడిగా ఉంది. చల్లగా ఉండాల్సింది, వెచ్చగా ఉంది. అందులో ఏదో కొట్టుకుంటోంది.

"పట్టుకో. చేతులు ఖాళీగా లేనోళ్లని వందనాలు పెట్టమని ఎవురడుగుతారే?"

చెప్పులు ఆగాయి. నా వెనకే. నా మెడ మీద ఊపిరి తగులుతోంది, తమలపాకు వాసన.

"ఎనక్కి తిరుగు."

"భయమేస్తోంది నాయనమ్మా."

"ఎయ్యనియ్యి. నాకు భయమేసి తలొంచుకున్నా. నీకు భయమేస్తే, ఆ భయంతోటే తిరుగు."

"నువ్వుంటావా?"

ఆమె గంట తాడు వైపు చూస్తుంది. తాడు ఊగుతోంది, గంట మోగడం లేదు. నేను తిరుగుతాను, మెడ రాయిలా ఉంది, అయినా తిరుగుతాను, ముందు ఆ చెప్పులు కనపడతాయి, ఆ తర్వాత

శుభవార్తమ్మగారి ఇంటి కప్పు. మధ్యాహ్నం. అన్నాలయ్యాక చాప మీద నడుం వాల్చి నిద్రపోయాను. ఒళ్లంతా చెమట. నా రెండు చేతులూ గుండె మీద జోడించి బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య ఒక చిన్న చెయ్యి ఉంది.

కెజియా నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అయ్యో, నొప్పి పుట్టలేదా? లాక్కోకపోయావా?"

"నీ చేతులు ఒణుకుతున్నయ్ టీచర్. అందుకే చెయ్యి పట్టుకోనా అని అడిగా. నువ్వు ఊఁ అన్నావు."

ఆ చెయ్యి తడిగా ఉంది. నేను లేస్తే తాగుతానని స్టీలు గ్లాసు కడిగి తెచ్చిందట, అది చాప పక్కనే ఉంది.

లోపల సువర్ణ చీర మార్చుకుని "పోదామా హెప్సక్కా" అంటోంది. నేను మొహం కడుక్కుని గ్లాసు తీసుకున్నాను.

"అదెందుకు టీచర్?"

"చేతులు ఖాళీగా ఉండకూడదు."

"నేనూ రానా?"

"వద్దు నాన్నా. శుభవార్తమ్మ ఆంటీ దగ్గర జడ వేయించుకో."

భయం పోలేదు. పోతుందని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ భయంతోటే గుమ్మం దిగాను.

ఇది చదివినవాళ్లకు ఒక్క మనవి. మీరు ప్రార్థన చేసేవాళ్లయితే మీ ప్రార్థనలో, చేయనివాళ్లయితే ఊరికే మనసులో, ఆ పిల్లను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఆమె పేరు కెజియా కాదు, నేను మార్చి రాశాను. అసలు పేరు ప్రభువుకు తెలుసు.